సున్నా పాయింట్ సున్నా మూడు

మా అమ్మ పారమ్మ ఇంట్లోవాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అరిస్తే వీధి చివరికి వినబడాలి, లేదంటే చెవికి నోరానించి గుసగుసలాడాలి. అందుకే ఆ రోజు పరీక్ష గదిలో టెక్నీషియన్ “ఇప్పుడు మామూలుగా మాట్లాడండమ్మా” అనగానే తెల్లమొహం వేసింది.

“మామూలుగా అంటే ఎలగ?”

“ఇంటికి చుట్టాలొస్తే ఎలా మాట్లాడతారో అలాగండి.”

“ఓలమ్మో! మా ఆయన నాకు సుట్టవేటి బాబూ?”

అంత దిగుల్లోనూ నాకు నవ్వాగలేదు.

మంచం మీద మా నాన్న సన్యాసప్పడు. విజయనగరం పక్కన జనపనార మిల్లులో మగ్గాల మీద పనిచేసి రిటైరైన మనిషి. శివరాత్రి వెళ్ళిన వారంలో మెదడులో నరం చిట్లి పడిపోయాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. గొంతులో గొట్టం, దాని వెనక ఊపిరి పోసే యంత్రం. ఆ రోజు వాటికి తోడు తలకు వలలాంటి టోపీ, దాన్నిండా సన్నటి తీగలు. అమ్మ కొంగుకు చిన్న మైకు తగిలించారు.

ఆ టోపీ, ఆ మైకు మా ఆయన కృపాకర్ కనిపెట్టిన స్పందన యంత్రానివి. ఇంటిమనిషి పలికే ప్రతి మాటకూ గొంతు ఎంత లేచిందో మైకు కొలుస్తుంది. ఆ మాట పడిన క్షణంలో రోగి మెదడు ఎంత మినుకుమందో టోపీ కొలుస్తుంది. రెండు కొలతలూ కలిస్తే ఒక చుక్క. అలా వందల చుక్కలు పోగయ్యాక వాటన్నిటినీ పిండి ఒక్క అంకె తీస్తుంది. దాని పేరు సహసంబంధ గుణకం. గొంతు పెరిగేకొద్దీ మినుకు పెరిగితే అంకె ఒకటి వైపు పోతుంది. గొంతు పెరిగేకొద్దీ మినుకు తగ్గితే మైనస్ ఒకటి వైపు పోతుంది. పొంతన లేకపోతే సున్నా దగ్గర కూలబడుతుంది. ప్లస్సయినా మైనస్సయినా పాయింట్ మూడు దాటిందంటే రోగికి వినబడుతోందని లెక్క, ఊపిరి యంత్రాలున్న ఆ కొద్ది పడకల్లో అతని పడక నిలుస్తుంది. దాటకపోతే శుక్రవారం సాయంత్రం గొట్టం తీసి ఇంటికి పంపిస్తారు. ఇంటికి అంటే ఎక్కడికో అందరికీ తెలుసు.

అమ్మ గుసగుసలాడింది. చుట్టాల గొంతుతో “బాగున్నారా, అన్నం తిన్నారా” అంటూ సిగ్గుపడుతూ మాట్లాడింది. ఆఖరికి గట్టిగా మాట్లాడమంటే చెలరేగిపోయింది. “ఏటనుకుంతన్నావు? నన్నిలాగ ఆస్పత్రి గుమ్మాల్లో కూకోబెట్టి నువ్వు పడుకుంతావా? లెగు! లెగుస్తావా లెగవ్వా?” పక్క వార్డులోంచి నర్సులు తొంగిచూశారు. నాన్న మొహంలో ఈగ వాలినంత కదలిక కూడా లేదు.

తెర మీద అంకె వెలిగింది. సున్నా పాయింట్ సున్నా మూడు.

నేను స్టాటిస్టిక్స్ లెక్చరర్ని. ఏటా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఈ పాఠం చెబుతాను. ఆ అంకె చూడగానే అమ్మను బయటికి తీసుకొచ్చాను. అమ్మకు ఏం చెప్పాలో తోచక నీళ్ళు నములుతుంటే వరండాలో ఎవరో ఆవిడ అడగనే అడిగింది. “ఎంతొచ్చిందమ్మా? సున్నాయా! అయ్యో. మా ఆయనకీ నాకూ పాయింట్ ఏడు.”

అదీ మా ఊళ్ళో ఆ అంకెకున్న అర్థం. యంత్రం కొలిచేది వినికిడిని. జనం మాత్రం దాన్ని ప్రేమ అనుకున్నారు. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే చోట కూడా “మా అమ్మానాన్నలది పాయింట్ ఎనిమిదండీ” అని గొప్పలు చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. సున్నా వచ్చిందంటే ఆ కాపరం ఉత్తిదే అని.

అమ్మ బెంచీ మీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత చిన్నగా అడిగింది. “అంటే ఏటే? ఇన్నేళ్ళ కాపరం సున్నాయా?”

“అది కాదమ్మా దాని అర్థం.”

“మరేటి?”

అప్పటికి నాకూ తెలియదు.

*

ఇంటికెళ్ళి కృపాకర్ మీద విరుచుకుపడ్డాను. సొంత మావగారి పరీక్ష కాబట్టి అతను ఆ గదిలోకి రాకూడదు. అది రూలు. అంకె మాత్రం అప్పటికే తెలిసింది. అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నాడు.

“చుక్కలు చూపించు,” అన్నాను.

“చుక్కలు ఎవరికీ చూపించం, వేణీ. నీకు తెలుసుగా.”

తెలుసు. మొదట్లో చూపించేవారట. ప్రతి ఇంటివాళ్ళూ ఆ చుక్కల్లో ఏదో ఒకటి చూసి, ఇదిగో ఇక్కడ విన్నాడు, అదిగో అక్కడ ఉలిక్కిపడ్డాడు అని డాక్టర్ల కాళ్ళమీద పడేవారట. దాంతో పడకలు ఇచ్చే కమిటీవాళ్ళు బొమ్మ తీసేసి అంకె ఒక్కటే ఉంచమన్నారు. శుక్రవారం రాగానే ఆ వారం చుక్కలన్నీ చెరిపేస్తారు.

“మీ తెలివి మండ! చుక్కలు వేసి చూడకుండా లెక్క కట్టకూడదని నేను పద్దెనిమిదేళ్ళ పిల్లలకు చెబుతాను. మీరు మనుషుల ప్రాణాలు తీసే చోట బొమ్మ తీసేశారా?”

“నేను ప్రాణాలు తియ్యట్లేదు!” అని అతనూ లేచాడు. “ఇది రాకముందు రూలేమిటి? అరవై అయిదు దాటితే పడక లేదు. అంతే. వింటున్నాడా లేదా అని ఎవడూ అడిగేవాడు కాదు. నా యంత్రం లేకపోతే మావయ్య పడిపోయిన మర్నాడే ఇంటికొచ్చేవాడు. పరీక్షకు ముందు మూడు నెలల గడువు దొరికి ఇన్నాళ్ళు ఊపిరి పీల్చాడంటే ఆ టోపీ పుణ్యమే.”

అది నిజమే. వయసు చూసి మనిషిని గెంటెయ్యడం అన్యాయమని కృపాకర్ ఏళ్ళ తరబడి తన్నుకులాడాడు. మా మేనత్తను అలాగే పంపేశారు. ఆ కసితోనే అతను ఈ యంత్రం చేశాడు. చెడ్డవాడయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మర్నాడు అతనే నన్ను ఆస్పత్రి పైఅంతస్తులోని లేబొరేటరీకి తీసుకెళ్ళాడు. తలుపు వేసి, నాన్న చుక్కలు తెర మీద పరిచాడు. అడ్డంగా అమ్మ గొంతు, ఎడమ నుంచి కుడికి హెచ్చుతూ. నిలువుగా నాన్న మెదడు మినుకు.

ఇద్దరం నోరు తెరుచుకు చూశాం.

చుక్కలు చెల్లాచెదురుగా లేవు. ఎడమ చివర, గుసగుసల దగ్గర, చుక్కలు ఆకాశంలో ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి నేలకు దిగిపోయాయి. కుడి చివర, అరుపుల దగ్గర, మళ్ళీ పైకి ఎగబాకాయి. మూకుడు పెట్టి గీసినట్టు ఉంది. దిగే సగం మైనస్ వైపు లాగుతుంది, ఎక్కే సగం ప్లస్ వైపు లాగుతుంది. రెండూ కలిపి ఒక్క అంకె తీస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగిలింది. ఆ అంకెకు గీత తిన్నగా ఉంటేనే కనబడుతుంది. వంగితే దానికి కళ్ళు లేవు.

“వింటున్నాడు,” అన్నాను.

“కానీ మధ్యలో ఎందుకు పడిపోయింది?” కృపాకర్ తెరకు మొహం ఆనించి వెతుకుతున్నాడు. “మామూలు గొంతు ఎందుకు వినబడదు?”

ఆ సంగతి మిల్లు క్వార్టర్లలో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. మగ్గాల హాల్లో మామూలు మాట అంటూ ఉండదు. ఆ రొదలో అరవాలి, లేదా పక్కవాడి చెవిలో నోరు పెట్టి చెప్పాలి. మిల్లువాళ్ళు ఇంటికొచ్చినా అదే అలవాటు. మా క్వార్టర్లలో పెళ్ళాం మొగుణ్ణి అరిచి తిట్టేది, చెవిలో ముద్దు చేసేది. మామూలు గొంతు చుట్టాలకు, వైద్యులకు, ఓట్లకొచ్చేవాళ్ళకు. ఆ గొంతు వినబడగానే ఇది నా కోసం కాదు అని నాన్న చెవులు మూసుకునేవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుని పడుకుని కూడా అదే చేస్తున్నాడు.

నేనది చెప్పగానే కృపాకర్ ఆ వారం మిగతా చుక్కలు తీశాడు. చాలామందివి సరిగ్గానే ఉన్నాయి. సున్నాలు వచ్చినవాళ్ళలో ఒకటి మాత్రం మళ్ళీ వంగి ఉంది. ఈసారి మూకుడు బోర్లించినట్టు. పేరు సుగుణ, వయసు ఇరవై ఆరు. మా నాన్న పక్క పడకే. మోటారు సైకిలు మీంచి పడిన పిల్ల.

“పోయిన వారాలవి?” అడిగాను.

“చెరిపేశాం.”

ఇద్దరం కుర్చీల్లో కూలబడ్డాం. ఎంతమంది అని అతనూ లెక్కపెట్టుకుంటున్నాడు, నేనూ లెక్కపెట్టుకుంటున్నాను. ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

అతను నా వైపు చూడకుండా చెప్పాడు. “ఒక దారుంది. గుసగుసల చుక్కలు మైకు లోపంతో వచ్చాయని రాసి, ఆ సగం కొట్టేస్తాను. ఆ అధికారం నాకుంది. మిగిలిన సగానికి పాయింట్ ఎనిమిది వస్తుంది. అబద్ధం కూడా కాదు. మావయ్య పడక నిలుస్తుంది.”

“సుగుణది కూడా అలాగే కొట్టెయ్.”

“ఒకే వారంలో రెండు మారిస్తే కమిటీ అడుగుతుంది. అడిగితే అన్నీ తవ్వుతారు. యంత్రం తప్పని తేలిన మర్నాటి నుంచి పాత రూలే అమల్లోకి వస్తుంది. జీవోలోనే అలా రాసుంది. సరిచేసి మళ్ళీ అనుమతి తెచ్చుకునేసరికి ఏడాది దాటుతుంది.” తెర వైపు తిరిగాడు. “పాత రూలంటే సుగుణ ఉంటుంది. మావయ్య డెబ్బై దాటినవాడు.”

దాచిపెడితే నాన్న ఉంటాడు, ఆ పిల్ల పోతుంది. ఆ పిల్ల వెనక ఇంకెందరో. చెబితే నాన్న పోతాడు.

“రాసెయ్,” అన్నాను. నేనేం మహానుభావురాల్ని కాను. మా నాన్న నాకు కావాలి.

*

కిందికి పరిగెత్తుకెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. “వింటున్నాడమ్మా! నువ్వు చెవిలో చెప్పిందీ విన్నాడు, అరిచిందీ విన్నాడు. ఆ సున్నా తప్పు. మిషన్‌కి మీ ఇద్దరి సంగతీ తెలీలేదు.”

అమ్మ నా మొహంలోకి చూసింది. “నిజం సెప్పు. నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావేటి?”

“నా మీద ఒట్టమ్మా.”

అంతే. ఒక్క ఉదుటున నాన్న మంచం దగ్గరికి పోయింది. “ఇంటన్నావా! ఇంటా కూడా పలకవా? ఎంత పొగరు నీకు!” అని అరిచింది. ఏడుస్తూ, నవ్వుతూ, ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత వంగి చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నేను వినలేదు, నాకు వినాలనీ లేదు. మూడు నెలల తర్వాత అమ్మ మొహంలో రక్తం కనబడింది. నాకు అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

పక్క పడక దగ్గర సుగుణ భర్త దేవదానం కూర్చుని ఉన్నాడు. హోమియో మందుల షాపులో పనిచేసే మనిషి. మాట ఎప్పుడూ ఒకే ఎత్తులో, పొట్లం కట్టినట్టు వస్తుంది. అమ్మ హడావుడి చూసి నా దగ్గరికొచ్చాడు.

“మేడమ్, మీరు లెక్చరర్ కదండీ. ఒక మాట అడగనా?”

అడక్కురా బాబూ అని మనసులో దండం పెట్టాను.

“నేను సుగుణతో గట్టిగా సరిగ్గా మాట్లాడలేకపోయానండీ. అరవమన్నప్పుడు నా గొంతు నాకే వేరేవాడిదిలా ఉంది. చెవిలో చెప్పమంటే అందరి ముందూ సిగ్గుపడుతూనే చెప్పాను. ఇంట్లో మేం మామూలుగానే మాట్లాడుకుంటామండీ, ఇలాగే. సున్నా వచ్చింది.” కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. “మా అత్తగారు అన్నారు, నీ మీద దానికి మనసు లేదురా, అందుకే పలకలేదు అని. నాకు అది తెలిస్తే చాలండీ. నేను ఇంకోలా మాట్లాడి ఉంటే నెంబరొచ్చేదా? లేకపోతే నిజంగానే ఆవిడకి...”

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ పిల్ల చుక్కలు నా కళ్ళ ముందు ఉన్నాయి. అరుపుకీ గుసగుసకీ నేల మీద ఉన్న చుక్కలు, ఇతని మామూలు గొంతు తగలగానే ఆకాశానికి ఎగబాకాయి. ఆవిడ వింటున్నదంతా ఇతన్నే. ఇతను మాత్రం తనని ప్రేమించలేదనుకుంటూ పెళ్ళాన్ని శుక్రవారం సాయంత్రం చేతులారా పంపించుకుని, బతికినన్నాళ్ళూ తన గొంతునే తిట్టుకుంటాడు. అది తెలిసి కూడా నేను మా అమ్మ పక్కన కూర్చుని సంతోషించాలి.

“ఆవిడ మీ మాట వింటోందండీ,” అన్నాను. నోరు జారింది. ఇంక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

పైకి వెళ్ళి కృపాకర్ ముందు నిలబడ్డాను. రాయడం ఇంకా పూర్తి చెయ్యలేదు. తెర మీద రెండు మూకుళ్ళూ పక్కపక్కనే పెట్టుకుని కూర్చున్నాడు.

“రెండూ కమిటీకి పంపించు,” అన్నాను.

“వేణీ, మావయ్య...”

“తెలుసు! నాకు చెప్పకు. పంపించు ముందు, మళ్ళీ నా మనసు మారిపోతుంది.”

పంపించాడు. ఆ తర్వాత తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక అతను ఏడవడం అదే మొదటిసారి చూడటం. నేను ఓదార్చలేదు. నన్నెవరు ఓదారుస్తారు?

*

అమ్మకు నేనే చెప్పాను. ఇంకొకరి నోట వింటే ఇంకా ఘోరం కదా అనుకున్నాను. ఎలా చెప్పినా ఘోరమే.

మొదట అర్థం కాలేదు. “ఇంటన్నాడన్నావు కదే. ఇన్నాక ఎందుకు పంపీసుకుంతాం?” అంది. మళ్ళీ చెప్పాను. అప్పుడు అర్థమైంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేలా అరిచింది.

“ఆ గుంట ఎవుర్తి నాకు? ఎవుర్తి నీకు? నీకు అన్నం ఎట్టినాదా, జ్వరమొస్తే రాత్రంతా కూకున్నాదా? మీ అయ్య నిన్ను సైకిలు మీద ఎక్కించుకుని కాలేజీకి దింపినాడే! నిన్ను సదివించినాడు! ఆ సదువుతో ఆయన్నే సంపుకుంతావా?”

అన్నీ నిజమే.

“మీ ఆయన్ని అడుగు. కాగితం ఎనక్కి తీసుకోమను. కాళ్ళట్టుకుంతాను.”

“తీసుకోలేడమ్మా.”

కమిటీ ఎంతో హడావుడి చేసింది. పేపర్లలో వచ్చింది. ఇదివరకు సున్నాలతో పంపేసినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఆస్పత్రి గేటు ముందు కూర్చున్నారు. మావాడికి కూడా వినబడేదా అని అడిగారు. చెప్పడానికి చుక్కలు లేవు. యంత్రం ఆపేశారు. పాత రూలు బోర్డు దుమ్ము దులిపి మళ్ళీ తగిలించారు. కృపాకర్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. అతను దానికి బాధపడలేదు. అది తప్ప ఇంకే శిక్షా పడలేదని బాధపడ్డాడు.

శుక్రవారం సాయంత్రం నాన్న గొట్టం తీశారు. అమ్మ ఆయన చెవి దగ్గర నుంచి మొహం ఎత్తలేదు. నేను మంచానికి అటువైపు నిలబడి నాన్న పాదం పట్టుకున్నాను. ఆయన వింటున్నాడని కృపాకర్‌తో కలిపి మా ముగ్గురికీ తెలుసు. సున్నాని నమ్మి ఉంటే ఆ గదిలో ఉండటం నాకు తేలికయ్యేది. ఏం వింటున్నాడో, భయపడుతున్నాడో, నా మీద కోపంగా ఉన్నాడో ఏ చుక్కా చెప్పదు. దీపాలు పెట్టే వేళకు అయిపోయింది.

దినకార్యాల్లో అమ్మ నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడితే తిట్టడానికే. ఫోను ఎత్తితే తిట్టు, గుమ్మంలో అడుగుపెడితే తిట్టు. నాన్న కంచం చూస్తే తిట్టు, నాన్న చెప్పులు చూస్తే తిట్టు. నేను వారం వారం వెళ్ళి తలొంచుకుని తిట్టించుకుని వచ్చేదాన్ని. అలా తిడుతున్నంత కాలం ఆమె అన్నం తినేది, నిద్రపోయేది. అది నేను గమనించాను.

దేవదానం అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. “ఇంకా అలాగే ఉందండీ,” అనేవాడు, అదే గొంతుతో. లేవలేదు, కళ్ళు తెరవలేదు. లేస్తుందని డాక్టర్లు ఆశ కూడా పెట్టలేదు. “రోజూ షాపు సంగతులు చెబుతానండీ. వింటుంది కదా.”

వానలు మొదలయ్యాక ఒకసారి నేను అమ్మ దగ్గర ఉన్నప్పుడే అతని ఫోన్ వచ్చింది. పెట్టేశాక అమ్మ గోడవైపు చూస్తూ అంది. “నన్ను తీసుకెళ్ళు. మా ఆయన్ని ఎవుర్తి కోసం పంపీసినావో ఓపాలి సూడాలి.”

వద్దన్నాను. వినలేదు. ఆటోలో దారంతా ఆ పిల్లనూ, నన్నూ, దేవదానాన్నీ కలిపి తిట్టుకుంటూనే వచ్చింది.

వార్డులోకి అడుగుపెట్టాక ఆగిపోయింది. దేవదానం సుగుణ తల ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీస్తూ, షాపుకి ఎవరు వచ్చారో, ఏం మందు అడిగారో చెబుతున్నాడు. ఆ పిల్ల మనిషి మంచంలో సగం కూడా లేదు. అతను మమ్మల్ని చూసి గాభరాగా లేవబోయాడు. అమ్మ కూర్చోమని సైగ చేసింది. దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల నుదురు మీద చెయ్యి వేసింది. జుట్టు వేళ్ళతో తడిమింది.

“నూని రాయి బాబూ. జుత్తు ఎండిపోనాది,” అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. జల్లు పడుతోంది. తిడుతుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిడితే బాగుండునని ఎదురుచూశాను.

“నన్నెందుకు తీసుకొచ్చినావే?” అంది.

“నువ్వే రమ్మన్నావు కదమ్మా.”

“నానడుగుతాను. నువ్వు తేకూడదు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ గుంటని సూడనంత కాలం బాగున్నాను. పొద్దుట లెగిస్తే నిన్ను తిట్టడానికి లెగిసీదాన్ని. ఇప్పుడు ఆ తిట్టు కూడా లేకండా సేసీసినావు. ఇంకేటి సూసుకుని లెగాలే నాను?”

ఆటో వచ్చింది, ఇద్దరం ఎక్కాం. ఇల్లు చేరేదాకా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు.